తీగ పెట్టనిచ్చినవాడు

నా భార్య కనకని చంపింది వరహాలు. కాదని నాతో వాదించినవాళ్లు ఉన్నారు. మలేరియా చంపిందన్నారు, వాన చంపిందన్నారు. ఆ రోజు మా ఊళ్లో ఉన్నది ఒకే జీపు. అది హుకుంపేట సావుకారు వరహాలుది. అందులో పిప్పలి బస్తాలు ఎక్కించి ఉన్నాయి. "సంతలో దింపేసి బేగి వచ్చేత్తాను" అని హుకుంపేట వెళ్లాడు. సంత చెదిరాక వచ్చాడు. అప్పటికే కనకకి మాట పడిపోయింది. పాడేరు ఆస్పత్రి కనబడకముందే ఊపిరి పోయింది. బస్తాలు దింపి మనిషిని ఎక్కించుకోవడానికి ఎంతసేపు పడుతుందని వాణ్ని నేను ఎప్పుడూ అడగలేదు. జవాబు నాకు తెలుసు.

ఇప్పుడు చెప్పేది ఆ తర్వాత కొన్నేళ్లకి, రెండువేల ఆరు చివర్లో వచ్చిన కాఫీ కాలం సంగతి.

ఆ ఏడు పంట బాగా వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లం కలిసి పెట్టుకున్న సంఘానికి బెంగళూరు కంపెనీ ఒకటి కబురు పెట్టింది. పైతోలు తీసి కడిగి ఆరబెట్టిన గింజని నేరుగా మా దగ్గరే కొంటారట. ఒకటే షరతు. ప్రతి రాశికీ తేమ ఎంత ఉందో మిషనుతో కొలిచి చూపించాలి. చూపించలేకపోతే లారీ రాదు. లారీ రాకపోతే కాఫీ అంతా ఎప్పట్లాగే వరహాలు గోడౌనుకి పోతుంది.

వరహాలు దగ్గర తేమ కొలిచే పెట్టె ఉంది. గింజలు అందులో పోస్తాడు. అంకె కంప్యూటర్ తెర మీద పడుతుంది. తెర ఎప్పుడూ వాడి వైపే తిరిగి ఉంటుంది. "పద్నాలుగు. ఇంకా పచ్చిగుంది" అని రేటు తగ్గిస్తాడు. పద్నాలుగో పదో, అవతల నిలబడినవాడికి ఏం తెలుస్తుంది?

అలాంటి పెట్టే మా సంఘానికీ ఒకటి ఉంది. ఏదో సేవా సంస్థవాళ్లు ఇచ్చారు. బూడిదరంగు పెట్టె, పైన చిన్న గిన్నె, వెనక ఒక తీగ. దానికి సొంత తెర లేదు. మొదటి ఏడు పనిచేసింది. రెండో ఏడు కంప్యూటర్లో లైసెన్సు అయిపోయిందని వచ్చింది. తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేస్తే మోగేది, ఎవరూ ఎత్తేవారు కాదు. తర్వాత మోగడం కూడా మానేసింది. సంఘం గదిలో ఎవరో ఆ గిన్నెలో అగరొత్తులు గుచ్చడం మొదలుపెట్టారు.

నా కూతురు భాను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువు ముగించి ఆ కాలంలోనే సంఘం పనికి కుదిరింది. ముందు గిన్నెలోని బూడిద దులిపింది. తర్వాత పెట్టె విప్పి చూసింది.

"ఇది పాడవలేదయ్యా. పిలవాల్సిన మాటతో పిలిస్తేగాని పలకదు," అంది.

"పిలిస్తే పలకడానికి అదేటి, కుక్కా?"

"కుక్క నయం. ఎవరు పిలిచినా తోకాడిస్తాది. దీనికి కంపెనీవాళ్ల ప్రోగ్రాం ఒక్కటే చుట్టం. ఆ ప్రోగ్రాం లైసెన్సు లేదని నోరు మూసుకుంది. నేను వేరే ప్రోగ్రాం రాస్తాను. మన లాప్‌టాప్‌లో ఉన్నది లినక్సు, దానికి సరిపడేలా."

"రాయి మరి."

"ఏ మాటతో పిలవాలో తెలియాలి. పలికే పెట్టె ఒకటి ఉంటే, అదీ దాని కంప్యూటరూ మాట్లాడుకుంటున్నప్పుడు మధ్యలో తీగ పెట్టి వినొచ్చు."

"అలాంటిది ఎక్కడుంది?"

భాను హుకుంపేట రోడ్డు వైపు చూసింది. నాకు అర్థమైంది.

"వద్దు," అన్నాను.

భాను నా మాట కాదనలేదు. ఇంకో పెట్టె మాటలు వినకుండానే, ఆ పిలిచే మాట తనే కనిపెట్టడానికి చూసింది. పొద్దున చోడంబలి తాగి వెళ్లి లాప్‌టాప్ ముందు కూర్చునేది. ఏవేవో అంకెలు పంపేది. పెట్టె పలికేది కాదు. నేను కళ్లంలో బరకాల మీద గింజలు తిప్పుతూ కిటికీలోంచి చూసేవాణ్ని. మా వైపు పుష్యమాసంలో మంచు మధ్యాహ్నం దాకా వదలదు. సాయంత్రమైతే గింజలు మళ్లీ కప్పాలి. అందరి రాశులూ ఆరిపోతున్నాయి. పెట్టె మాత్రం అలాగే ఉంది.

సంఘం ప్రెసిడెంటు ధనుంజయ్ కళ్లంలోకి వచ్చాడు. వరసకి నాకు తమ్ముడు.

"అన్నా, పున్నం దాటితే లారీ వత్తాది. ఏటి సూపిత్తాం? అగరొత్తులా?"

"నన్నెందుకు అడుగుతావు?"

"గుంటని హుకుంపేట ఎళ్లనీ. నీ పగ నీది, ఎవరూ కాదనరు. కాఫీ అందరిదీ."

"నేను వద్దన్నది నా కూతుర్ని. నీకు కూతురుంటే పంపుకో."

"నాకున్న ఇద్దరికీ బల్బు మార్చడమే రాదన్నా," అని నవ్వాడు. నేను నవ్వలేదు. వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున భాను నా ఎదురుగా నిలబడింది. చదువుకొచ్చాక దాని మాట కొంత మారింది. కోపం వస్తే మాత్రం మళ్లీ మా మాటే.

"నేను హుకుంపేట ఎల్తన్నాను. గింజలు కావాలి. బాగా ఆరినవి, సగం ఆరినవి, పచ్చివి. నువ్విత్తావా, నన్నే కట్టుకోమంటావా?"

అది కట్టుకుంటే అన్నీ కలిపేస్తుంది. నేనే వేరువేరుగా చిన్న మూటలు కట్టాను. ఆ గోడౌనుకి దాన్ని ఒక్కదాన్నీ పంపను కాబట్టి వెంట వెళ్లాను.

గోడౌను మెట్లు నేను ఎక్కలేదు. రోడ్డు వారన నిలబడ్డాను. షట్టరు తెరిచే ఉంది. లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి.

"ఏటి గుంటా, ఇన్నాళ్లకి ఇటొచ్చినావు? మీ అయ్య రోడ్డు మీదే ఉండిపోనాడేటి? కుర్సీ ఎయ్యమందునా?" వరహాలు గొంతు.

"ఆయన కూకోడు సావుకారూ. నీ తేమ పెట్టెతో పనుంది."

ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వాడు పెద్దగా నవ్వాడు.

"అంటే నా మిషను గుట్టు లాగేసి, నాకు కాఫీ రాకుండా సేత్తావు. దానికి కరెంటు నేనియ్యాల. భలేగుందే!"

"గుట్టు నీది కాదు, కంపెనీది. నీ లైసెన్సు ఎప్పటిదాకా?"

"ఉగాది దాకా. ఫోను సేత్తే ఎత్తరు దొంగనాయాళ్లు."

"నాది తయారయ్యాక ఇంటర్నెట్‌లో పెట్టేత్తాను. ఎలా రాశానో కూడా దాచను. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. ఆ అందరిలో నువ్వూ ఉంటావు."

"ఊరికేనా? పిచ్చిగుంటా, అమ్ముకోవే! మీ కొండోళ్లకి యాపారం ఎప్పటికొత్తాదో."

"నువ్వు నేర్పావు కదా సావుకారూ. నేర్చుకున్నది సాలు."

గోడౌనులో బస్తాలు కుడుతున్నవాళ్లెవరో నవ్వారు. వరహాలు నవ్వలేదు. తర్వాత గొంతు తగ్గించాడు. తగ్గించినా వినబడింది.

"మీ అయ్య ఒప్పుకున్నాడా?"

"లేదు."

"మరి?"

"నేనొచ్చాను."

కుర్చీ జరిపిన చప్పుడైంది.

"ఎట్టుకో. తీగే కదా," అన్నాడు వరహాలు.

భాను తను అతికించి తెచ్చిన తీగని పెట్టెకీ వాడి కంప్యూటరుకీ మధ్య కలిపి, రెండో కొస మా లాప్‌టాప్‌కి పెట్టింది. మొదటి మూట విప్పి గిన్నెలో పోసింది. వాడు మీట నొక్కాడు. తెర వాడి వైపు ఉంది. భాను దాన్ని తన వైపు తిప్పుకుంది. వాడు ఊరుకున్నాడు. అది రోడ్డు మీంచి నేను కళ్లారా చూశాను.

ఒక్కో మూటా పోసి తీస్తూ ఉంటే మధ్యాహ్నం అయింది. నాకు టీ పంపాడు. తెచ్చినవాడు గ్లాసు మెట్టు మీద పెట్టి వెళ్లాడు. అది అక్కడే చల్లారింది.

తిరుగు జీపులో భాను కళ్లు మెరుస్తున్నాయి. "పిలిచే మాట దొరికిందయ్యా. చాలా చిన్న మాట. ఊరికే కూర్చుని వెతికితే ఈ జన్మలో దొరికేది కాదు."

"ఊఁ," అన్నాను.

మర్నాడు సంఘం గదిలో మా పెట్టెని ఆ మాటతో పిలిచింది. అది పలికింది. ధనుంజయ్ కేక విని కళ్లం పనిలో ఉన్నవాళ్లంతా వచ్చి కిటికీ దగ్గర గుంపు కట్టారు. తెర మీద నాలుగు అంకెలు. అంతే. అవి శాతాలు కావు. ఏమిటివని అడిగితే భాను చెప్పింది. మొదటిది పెట్టె పెట్టే దండం, ఎప్పుడూ ఒకటే. చివరిది ముందు మూడింటి కూడిక, మాట దారిలో చెడిపోలేదని చూసుకోడానికి. రెండోది తేమతో పెరుగుతోంది. మూడోది ఏమిటో తెలియదు.

"తెలియనిది వదిలెయ్," అన్నాను.

"వదిలేస్తే లెక్క కుదరట్లేదు. రెండు మూటలకి రెండో అంకె ఒకటే వచ్చింది. వరహాలు తెర మీద మాత్రం ఒకదానికి పదకొండు, ఒకదానికి పన్నెండున్నర. ఎలా?"

"వాడి మిషను అబద్ధమాడతాది."

"మిషను ఆడదయ్యా."

"మనిషి ఆడితే మిషనూ ఆడతాది."

అది నన్నొకసారి చూసింది. తెర వైపు తిరిగి కూర్చుంది. అలా పెట్టె పలుకుతూనే ఉంది, మాకు ఒక్క శాతమూ చెప్పడం లేదు. బెంగళూరువాళ్లు లారీ బయల్దేరే రోజు చెప్పేశారు. ఊళ్లో కొందరు వరహాలుకి బస్తాలు ఇచ్చేద్దామని గొణగడం మొదలుపెట్టారు. భాను ఇంటికి వచ్చి తిని, మళ్లీ వెళ్లిపోయేది. ఏం తిన్నదో కూడా దానికి తెలిసేది కాదు.

ఒక పొద్దున బాగా ఆరిన గింజలు ఇంకొన్ని కావాలంది. ఇంట్లోకి వెళ్లి తెచ్చి చేతికిచ్చాను. మూట అందుకుని అలాగే ఆగిపోయింది.

"ఇది వెచ్చగా ఉందేటి?"

"పొయ్యి మీద అటక మీంచి తీశాను. వెచ్చగా ఉండదా?"

మా ఇళ్లలో విత్తనమైనా ఇంకోటైనా, బాగా ఆరాల్సినవన్నీ పొయ్యి మీద అటకలోనే ఉంటాయి. అడగాల్సిన సంగతి కాదు.

"ఆ రోజు హుకుంపేట తెచ్చింది కూడా అటక మీదిదేనా?"

"బాగా ఆరింది కావాలన్నావు. ఇంకెక్కడినుంచి తెత్తాను? దారిలో మంచుకి మళ్లీ తేమ పీల్చకుండా దుప్పట్లో, పొట్ట మీద పెట్టుకుని తెచ్చాను."

"మిగతావి?"

"కళ్లంలోవి. సచ్చినంత చల్లగుంటాయి."

భాను నుదురు కొట్టుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. "అది వేడయ్యా! మూడోది వేడి! పెట్టె తేమతో పాటు గింజ వేడి కూడా చూస్తంది. చల్లటి గింజకి ఒక లెక్క, వెచ్చటిదానికి ఒక లెక్క. కాలేజీలో ఇలా ఎవరూ పొట్ట మీద పెట్టుకుని తేరు. తెచ్చి ఉంటే ముందే తెలిసేది."

గింజలు కొన్ని ఎండ పడే బండ మీద పోసింది. కొన్ని ఊటగెడ్డ నీళ్ల పక్కన నీడలో పెట్టింది. బండ మీదివి గిన్నెలో పోస్తే మూడో అంకె లేచింది. నీడవి పోస్తే దిగింది. నన్ను ఒక పిడికెడు గింజలు గట్టిగా పట్టుకోమంది. చేయి నొప్పి పుట్టేదాకా పట్టుకున్నాను. గిన్నెలో వేస్తే నా చేతి వేడి తెర మీద అంకెగా కనబడింది.

ఆ రోజు చీకటి పడకముందే శాతాలు కుదిరాయి. హుకుంపేటలో రాసుకున్నవాటితో అన్నీ సరిపోయాయి. భాను అంకెని తెర నిండా పట్టేంత పెద్దగా పెట్టింది, అవతల నిలబడినవాడికి కూడా కనబడాలని.

లారీతో వచ్చిన కంపెనీ మనిషి తన సంచిలోంచి చేతిలో పట్టే మిషను తీశాడు. మా రాశుల్లోంచి తనకు తోచిన బస్తాలు విప్పించి కొలిచాడు. మా పెట్టెతో కూడా కొలవమన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. "ఈ ప్రోగ్రాం ఎక్కడిది?" అని అడిగాడు.

"మా అమ్మాయి రాసింది," అని నాకంటే ముందు ధనుంజయ్ చెప్పాడు. బస్తాలు లారీ ఎక్కాయి. ఆ సాయంత్రం ఊళ్లో మేకని కోశారు. వరహాలు జీపు కింది రోడ్డు మీంచి ఖాళీగా పోవడం నేను చూశాను. బాగా అనిపించింది. దాచడానికేముంది?

ఆ వారమే భాను నన్ను పాడేరు తీసుకెళ్లింది. ప్రోగ్రాం ఇంటర్నెట్‌లో పెట్టేటప్పుడు నేను పక్కన ఉండాలట. బస్టాండు వెనక నెట్ సెంటరు. ప్లైవుడ్ గదులు, ఫ్యాను గాలి, పక్క గదిలో కుర్రాళ్ల ఆటల గోల. ఇంగ్లీషులో పేజీలు పేజీలు నడిపింది. కింద కొంచెం తెలుగులో కూడా రాసి ఉంది. నేను ఊరి బళ్లో చదివినవాణ్ని. తెలుగు చదవగలను. అది నాకోసమే పెట్టింది.

నమూనాలు ఆరబెట్టి ఇచ్చినవారు పాంగి సుక్రు అని నా పేరు ఉంది. దాని కిందనే, తీగ పెట్టనిచ్చినవారు వరహాలు, హుకుంపేట అని ఉంది.

"ఇదేటి?" అన్నాను.

"సాయం చేసినవాళ్ల పేర్లు. ఇలా ఊరికే పంచేవాళ్ల పద్ధతి అది. ఎవరి దగ్గర ఏం తీసుకున్నామో చెప్పాలి. తర్వాత ఎవరు తీసుకున్నా, మార్చుకున్నా ఈ పేర్లు తీసెయ్యకూడదు. షరతు."

"వాడి పేరు తీసెయ్."

"తియ్యను."

"వాడు మీ అమ్మని..."

"తెలుసు. ఆ జీపులో అమ్మ తల నా ఒళ్లోనే ఉంది." గొంతు పెంచలేదు. తెర వైపే చూస్తోంది. "నువ్వు ముందు సీట్లో కూకున్నావు. నీకు కనబడనివి కూడా నేను సూశాను. అయినా తియ్యను. వాడు తీగ పెట్టనిచ్చాడు. అదీ జరిగింది."

పక్క గదిలో ఎవరో గెలిచినట్టున్నారు, అరిచారు.

"అయితే నా పేరు తీసెయ్," అన్నాను. "వాడి పేరు ఉన్నచోట నాది ఉండకూడదు."

భాను నా వైపు తిరిగింది. తర్వాత మీట మీద వేలు పెట్టి అలాగే ఉంచింది. నా పేరు చివరినుంచి ఒక్కో అక్షరమే పోయింది. ఇంటిపేరు ఒక్క క్షణం మిగిలింది. అదీ పోయింది.

"ఇంకేటైనా తియ్యాలా?"

"లేదు."

ఇంకో మీట నొక్కింది. అయిపోయిందంది. బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని వచ్చాం. ఘాటు మలుపుల్లో భుజాలు తగిలినప్పుడు అది కిటికీ వైపు జరిగింది.

ఉగాదికి వరహాలు కంప్యూటర్లో కంపెనీ ప్రోగ్రాం ఆగిపోయింది. వాడి గోడౌనులో ఇప్పుడు ఉన్నది భాను రాసినదే. తెర జనం వైపు తిప్పితేనే పెడతానని చెప్పి, తిప్పించి పెట్టిందట. ఎక్కడెక్కడి దేశాల కాఫీ రైతులో దాన్ని తీసుకున్నారు. ఎవరో ధాన్యానికి సరిపడేలా మార్చుకున్నారు. ఇవన్నీ ధనుంజయ్ వచ్చి చెబుతాడు. భాను చెప్పదు. అది పాడేరులో గది తీసుకుని మిగతా సంఘాల పెట్టెలు బాగుచేస్తోంది. పండక్కి వస్తుంది, వండుతుంది. మిరియాల గురించి, ఆవు గురించి మాట్లాడుకుంటాం.

ఆ పైఏడు కోత రోజుల్లో వరహాలు మా కళ్లంలోకి వచ్చాడు. కనక పోయాక మా గడపవైపు రావడం అదే మొదలు. చెప్పులు బయట విప్పాడు.

"సుక్రూ, నా పేరు ఏవేవో దేశాల్లో ఉందంట గదా. మీ గుంట ఎట్టిందంట." బరకం అంచు దగ్గరికొచ్చాడు. "నీకొక మాట సెప్పాల. ఆ రోజు నేను..."

నేను గింజలు తిప్పుతూ బరకం అవతలి కొసకి పోయాను. మళ్లీ ఇవతలికి వచ్చేసరికి వాడు చెప్పులు వేసుకుంటున్నాడు.

ఆ రోజు వాడు ఏం చెప్పబోయాడని భాను ఒకసారి అడిగింది. ధనుంజయ్ చాలాసార్లు అడిగాడు. నేను వినలేదు, వినను. వాడి పేరు ఆ ప్రోగ్రాంలో ఉంది, నా పేరు లేదు. ఇదంతా ఇక్కడ ఒక్కసారి రాశాను, చాలు. ఇక ఎవరడిగినా ఈ మాట నా నోట రాదు.